నిలిచిన నురగ

సినిమావాళ్ళు ఆయన్ని బురద మేస్త్రి అంటారు. ఆ పేరు పెట్టినవాడు వెటకారానికే పెట్టాడు గానీ, ఈయన దాన్ని బిరుదులా మోసుకు తిరిగాడు. పని అలాంటిది మరి. శుభ్రంగా ఉన్న చోటుని పాడైపోయిన చోటుగా మార్చాలి. తెల్లగోడకి నాచు పట్టించాలి, కొత్త పైపుకి తుప్పు ఎక్కించాలి, పచ్చని చెట్టుని ఆకు తెంపకుండా ఒక్క పూటలో ఎండిపోయినట్టు చూపించాలి. విషం కలిసిన బావి, చెత్తకొండ పక్కన బడి, చేపలు వెల్లకిలా తేలిన చెరువు, ఇలాంటి కథ నెత్తికెత్తుకున్న దర్శకుడెవరైనా ఆయన గుమ్మం తొక్కాల్సిందే. షూటింగ్ అయ్యాక అంతా కడిగి, తుడిచి, ఎవరి చోటు వాళ్ళకి అప్పగించి రావడం కూడా ఆయన పనే. ఆ రెండో సగాన్ని ఎవరూ మెచ్చుకోరని ఆయనకి కాస్త కడుపుమంట ఉండేది.

మనిషి ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటే కాలు ఊపుతూనే ఉంటాడు, బల్ల ఊగుతుంది, పక్కవాళ్ళ టీ ఒలుకుతుంది. ఇంట్లో గోడ మీద మరక పడితే తుడవడు. వెనక్కి జరిగి, తల పక్కకి వంచి, అంచుల్లో ఇంకొంచెం పసుపు తగిలితే ఎంత బాగుండేదో అని చూస్తాడు. "చూసింది చాలు, ఆ గుడ్డ అందుకోండి" అంటుంది భార్య. పెళ్ళైన కొత్తలో ఆమె ముచ్చటపడి కొనుక్కున్న ఇనప కుర్చీకి ఈయన సరదాగా తుప్పు మరకలు వేసిపెట్టాడు. అది నిజం తుప్పనుకుని ఆమె దుకాణం మీదికి యుద్ధానికి వెళ్ళింది. ఆ తర్వాత ఆ ఇంట్లోకి బ్రష్షు రావడానికి వీల్లేకుండా పోయింది.

తెర మీద ఆయన చెరువుని చూసి హాల్లో జనం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటే, ఆయనకి అంతకు మించిన సన్మానం లేదు. తెరకి వాసన ఉండదు కదా. కానీ చివర్లో పేర్లు పడేటప్పుడు ఆయన పేరు ఉండదు. కళావిభాగం అని ఒక్క ముక్క వేసి ఊరుకుంటారు. పైకి నవ్వేసేవాడు. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని కంచం అంచుని వేలితో కొడుతూ ఉండేవాడు.

ఒక కాలవ సినిమా ఆయన పీకల మీదికి ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు చోటు గురించి చెప్పాలి. కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని తిరిగే కొత్త దర్శకుడొకడు ఎక్కడెక్కడో తిరిగి, ఆఖరికి ఏరుకున్న కాలవ మేస్త్రి చెల్లెలి మడుల పక్కనుంచి పారేదే. ఎగువన మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ, దాని పొడుగాటి గోడ. దిగువన ఇటుక ఇళ్ళ వరస. ఆ వరస చివర చెల్లెలు ఆకుకూరలు పండించే మడులు. సినిమా కథ కూడా అదే, ఫ్యాక్టరీ వదిలిన విషం ఒక వాడని ఎలా తినేసిందో. చిక్కల్లా కాలవ నీళ్ళు తేటగా ఉండటమే. అడుగున రాళ్ళు కనపడుతున్నాయి.

"ఇంత ముచ్చటైన కాలవని చూసి ఎవరికి ఏడుపొస్తుంది మేస్త్రి గారూ? నురగ కావాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా" అన్నాడు దర్శకుడు.

తమ కాలవలో ఏదో పోస్తారని తెలియగానే వాడంతా ఒంటికాలి మీద లేచింది. అందరికంటే ముందు లేచింది చెల్లెలే. ఆమె రోజూ పొద్దున్నే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, రెండు చేతులా డబ్బాలు ముంచి, గట్టెక్కి మడులకి పోస్తుంది. పైపు పెట్టించుకోవే అని భర్త పోరితే, చేత్తో పోస్తేనే మొక్క మాట వింటుందంటుంది. అన్నకి తగ్గ మొండిది. ఆ ఆకుకూరలే వాడలో సగం ఇళ్ళకి వెళ్తాయి.

"అన్నయ్యా, నా కాలవలో నువ్వేం పోస్తావో నా కళ్ళ ముందు పొయ్యి" అంది గట్టు మీద నడుం మీద చెయ్యేసుకుని.

మేస్త్రి డ్రమ్ము మూత తీశాడు. "గుడ్డు తెల్లసొన పొడి, చక్కెరపాకం, కాస్త గంజి, మిఠాయిల్లో వేసే రంగు. ఇంతేనమ్మా. ఎక్కడైనా మిగిలితే సాయంత్రానికి చీమలే నాకేస్తాయి."

"చెప్పడానికేం, అందరూ చెప్తారు" అన్నారు ఎవరో వెనకనుంచి.

మేస్త్రికి ముక్కు మీదే ఉంటుంది కోపం. గోధుమరంగు నురగ దోసిలినిండా తీసుకుని, నోట్లో కుక్కుకుని, నమిలి, మింగి, చిన్నపిల్లలు మందు మింగి చూపించినట్టు నోరు తెరిచి చూపించాడు. జనం గొల్లుమన్నారు. చెల్లెలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. వాడవాళ్ళ వైపు తిరిగి, "సరే, మా అన్నయ్య మాటకి నాది పూచీ. ఏదన్నా తేడా వస్తే ముందు నా మడులు పీకెయ్యండి" అంది. అంతటితో ఆ గొడవ సద్దుమణిగింది. మేస్త్రి నురగ తిన్న కథ మాత్రం వాడలో నోటికీ నోటికీ పాకి, ఆయన కనిపిస్తే చాలు, ఫలహారం అయిందా అని అడగడం అలవాటైపోయింది.

నురగ మాత్రం ఆయన మాట వినలేదు. నీడలో పొంగినట్టే పొంగేది, ఎండ తగలగానే చప్పగా కుంగిపోయేది. నటుడు సిద్ధం, కెమెరా సిద్ధం, దర్శకుడు నోరు తెరిచేసరికి కాలవ మళ్ళీ తేట. ఒకరోజు దర్శకుడికి ఓపిక నశించింది. "మేస్త్రి గారూ, మా హీరో డైలాగ్ అయ్యేలోపే మీ విషం నీరుగారిపోతోంది. దీనికంటే నేను సబ్బునీళ్ళు పోసుకోవడం మేలు" అన్నాడు. యూనిట్ అంతా నవ్వింది. టీ అందించేవాడు కూడా.

అన్నేళ్ళ పనిలో ఆయన్ని అంత మాట అన్నవాళ్ళు లేరు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. గంజి పెంచాడు, బంక కలిపాడు, పాకం ముదర కాచాడు. ఇంట్లో గిన్నెలన్నీ నురగ గిన్నెలైపోయాయి. గిలక్కొట్టి గిలక్కొట్టి మోచెయ్యి వాచింది. తినడానికి కూర్చుని, సగంలో లేచి, మళ్ళీ గిన్నె దగ్గరికి వెళ్ళేవాడు. ఆఖరికి భార్య ఆ గిలక్కొట్టే కవ్వాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు ఆయన అందరికంటే ముందే కాలవ దగ్గరికి వెళ్ళాడు. గట్టెక్కి చూస్తే, నురగ. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా, గోధుమరంగు చెక్కు కట్టి, గాలికి వణుకుతూ, విరగకుండా నిలబడి ఉంది. ఎండ పడుతున్నా కుంగడం లేదు. ఆయన డ్రమ్ముల వైపు చూశాడు. ముందురోజు తను తాడేసి కట్టిన మూతలు కట్టినట్టే ఉన్నాయి. నురగ కొట్టే మర పొడిగా ఉంది.

ఇంకెవరైనా అయితే, ఇదెక్కడిదిరా బాబూ అని ఆగేవాళ్ళు. ఆయన మేస్త్రి కాబట్టే ఆగలేదు. కాలవలో నురగ ఉందంటే అది తను పోసిందే, గోడ మీద నాచు ఉందంటే అది తను పూసిందే. జీవితమంతా దొంగ మురికి చేసిన మనిషి కంటికి నిజం మురికి ఆనలేదు. నిన్న చివర్లో బంక దండిగా వేశాను కదా, అది పట్టుకుని నిలిచిందన్నమాట అనుకున్నాడు. అనుకున్నాక ఒళ్ళంతా తేలికైపోయింది.

దర్శకుడు కారు దిగుతూనే పరుగెత్తుకొచ్చి కౌగలించుకున్నాడు. "ఇది కదా నేనడిగింది. ఏం చేశారు మేస్త్రి గారూ?"

"పాళ్ళు కొంచెం మార్చాను సార్" అన్నాడు మేస్త్రి. గొంతులో గర్వం దాచుకోవడానికి దగ్గాడు.

"ఈ సినిమాలో మీ పేరు విడిగా వేయిస్తాను. ఒట్టు."

అప్పుడే డబ్బాలతో వచ్చిన చెల్లెలు దర్శకుడి కంట్లో పడింది. రంగు పూసిన మనుషుల మధ్య నిజం మనిషి. నటీనటుల్ని పక్కన నిలబెట్టి, అమ్మా మీరు రోజూ చేసే పనే చెయ్యండి, కెమెరా వంక చూడకండి అన్నాడు. ఆమె మురిసిపోయింది. తుళ్ళిపడే నురగలో నడుందాకా మునిగి, డబ్బాలు ముంచింది, మోసింది, మళ్ళీ దిగింది. వెలుతురు బాగుందని ఒకసారి, మబ్బు పట్టిందని ఒకసారి, పొద్దుపోయేదాకా ఆమెని ఆ నీళ్ళలోనే ఉంచారు. గట్టు మీద మేస్త్రి, అదిగో మా చెల్లెలు అని కనపడినవాళ్ళందరికీ చూపించాడు.

యూనిట్ సామాను సర్దుకుని వెళ్ళిపోయాక కాలవ శుభ్రం చేయడానికి ఆయన వల, పొడుగు కర్ర పట్టుకుని దిగాడు. తీసిన కొద్దీ వస్తోంది. పొద్దున్న తీస్తే సాయంత్రానికి మళ్ళీ ఉంది. అప్పటికీ ఆయనకి కలవరం కాదు, ఆశ. ఏ పాళ్ళలో కలిపితే ఇంత గట్టిగా నిలిచిందో తెలుసుకుంటే, ఇక జన్మలో ఏ దర్శకుడూ తనని మాట అనడు. ఒక గిన్నెలో నురగ తీసుకొచ్చి వంటింటి కిటికీలో పెట్టాడు.

ఆ కిటికీ గుండా చీమల దారి ఉంది. ఆయన నురగ గిన్నె అక్కడ పెట్టీ పెట్టకముందే చీమలు బారులు తీరతాయి. ఆ చీమల మూలంగానే ఆ ఇంట్లో మొగుడూపెళ్ళాలకి సగం తగాదాలు. ఈసారి బారు గిన్నెదాకా వచ్చింది, ఆగింది, గిన్నెని తాకకుండా చుట్టూ పెద్ద వంపు తిరిగి వెళ్ళిపోయింది.

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నమాట, చీమల మందు కలిపారా?" అంది భార్య సంబరంగా.

మేస్త్రి గిన్నె ముందు వంగి చూశాడు. నురగ కుంగలేదు. గిన్నె అంచుకి జిడ్డు గీత ఒకటి పట్టింది. వాసన చూస్తే ముక్కు లోపల చురుక్కుమంది. మూతలు కట్టినట్టే ఉన్న డ్రమ్ములు కళ్ళ ముందుకొచ్చాయి.

చెప్పులేసుకుని కాలవ వెంట ఎగువకి నడిచాడు. ఫ్యాక్టరీ గేటుకి తుప్పు పట్టిన గొలుసు ఉంది గానీ, దానికి వేలాడేది కొత్త తాళం. లోపల నీళ్ళ హోరు వినిపిస్తోంది. నీలం డ్రమ్ములు ఆకాశమంత ఎత్తున పేర్చి ఉన్నాయి.

"మూతపడిందన్నారు కదా?" అని కాపలా మనిషిని అడిగాడు.

"ఫ్యాక్టరీ మూతపడింది. షెడ్డు ఈమధ్యే అద్దెకిచ్చారు. మందుల డ్రమ్ములొస్తాయి, కడిగి పంపిస్తారు."

"కడిగిన నీళ్ళో?"

కాపలా మనిషి కాలవ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఇంకెక్కడికి పోతాయి?"

అక్కడినుంచి తిన్నగా చెల్లెలి దగ్గరికే వెళ్ళాడు. ఆమె నీళ్ళలోంచి అప్పుడే వచ్చి, గట్టు మీద కూర్చుని కాలివేళ్ళ మధ్య గోక్కుంటోంది. తోలు తెల్లగా ఊడుతోంది.

"ఏమిటది?" అన్నాడు.

"ఏదో పాచి తగిలుంటుంది. నూనె రాస్తున్నాలే. నువ్వేంటి, ముఖం అలా పెట్టావ్?"

చెప్పేవాడే. నోటిదాకా వచ్చింది. ఇంతలో గట్టు మీదుగా పోతున్న ఒక ముసలాయన, "మేస్త్రీ, నీ నురగ అమోఘమయ్యా, సినిమావాళ్ళు పోయినా అది పోలేదు" అన్నాడు. చెల్లెలు గర్వంగా నవ్వింది. అది నాది కాదంటే, మరి ఆ రోజు నాదేనని భుజాలెందుకు ఎగరేశావని అడుగుతారు. నాకు తెలియలేదంటే, నీ సరుకు నీకే తెలియదా అని నవ్వుతారు. మేస్త్రి మాట మార్చాడు.

"ఆ నురగ పాతబడితే పులుస్తుందమ్మా. చర్మానికి పడదు. కొన్నాళ్ళు దిగకు" అన్నాడు.

"పులిస్తే పులవనీ. నువ్వు తిన్నదాన్ని నేను తొక్కితే ఏమవుతుంది?" అంది ఆమె, డబ్బాలు అందుకుంటూ.

దర్శకుడి దగ్గరికి వెళ్ళి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. దర్శకుడు కళ్ళద్దాలు నెత్తిమీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మేస్త్రి గారూ, ఒక మనిషిని రోజంతా నిజం విషంలో నిలబెట్టి సినిమా తీశామని తెలిస్తే, ఈ సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. బయటికి రానివ్వండి. జనం చూస్తారు, గొడవ చేస్తారు, అప్పుడు ఆ షెడ్డు సంగతి లోకమే చూసుకుంటుంది. మనం తీసింది అందుకే కదా." మంచివాడే. ఆ మాట అనేటప్పుడు దర్శకుడు కూడా దాన్ని నమ్మాడు. మేస్త్రికి నమ్మడమే హాయిగా అనిపించింది, అక్కడే పప్పులో కాలేశాడు.

ఆ తర్వాత మనిషికి నిలకడ పూర్తిగా పోయింది. పొద్దున్నే చెల్లెలు దిగేలోపే కాలవ దగ్గరికి పోయి కర్రతో నురగని చెదరగొట్టేవాడు. అది చెదిరినట్టే చెదిరి మళ్ళీ కలిసేది. కొత్త బూట్లు కొనిచ్చాడు, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరువి. ఆమె వేసుకుని, బురదలో ఊడిపోతున్నాయని తీసి గట్టు మీద పారేసింది. కూర పంపిస్తే ఆయన ఇంట్లో తిననివ్వడు. "మీ చెల్లెలి ఆకుకూర మీకెప్పట్నుంచి చేదైంది?" అని భార్య నిలదీసింది. కడుపులో బాలేదన్నాడు. కుర్చీలో కూర్చుని కాలు ఊపుతుంటే, నేల మీద గిన్నెలు గలగలలాడేవి.

ముందుగా మన వాడవాళ్ళకే చూపిస్తానని దర్శకుడు మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. ఒక సాయంత్రం వాడ చివరి హాల్లో కుర్చీలు వేసి తెర కట్టారు. చెల్లెలు ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, అన్నావదినల మధ్య కూర్చుంది. దీపాలు ఆర్పారు. సినిమాకి ముందు తెర నిండా అక్షరాలు పడ్డాయి: ఈ చిత్రంలో కనిపించే మురికినీరు, నురగ పూర్తిగా కృత్రిమం, హాని లేనివి. కింద, తయారీ అని, ఆయన అసలు పేరు. విడిగా. పెద్దగా.

భార్య మోచేత్తో పొడిచింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన పేరు తెర మీద ఉన్నంతసేపూ ఆయన తెర వంక చూడలేకపోయాడు. జీవితమంతా దేనికోసం నలిగాడో, అది వచ్చిన రోజున ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. మోకాలి మీద చెయ్యి వేసి అదిమి కాలుని ఆపుకున్నాడు.

సగం సినిమా అయ్యాక కాలవ వచ్చింది. నురగ తెర ఈ చివర నుంచి ఆ చివరకి పొంగింది. నురగ మధ్యలో డబ్బాలతో చెల్లెలు. హాలంతా ఈలలు.

వెనక వరసలోంచి ఒకావిడ వంగి, "మీ అన్న చేతి నురగ, ఎంత నిజంలా ఉందో చూడు" అంది.

"మరి ఎవరనుకున్నావు మా అన్నయ్యంటే" అంది చెల్లెలు. అంటూనే ఎడమ మడమతో కుడి పాదాన్ని గట్టిగా రాసుకుంది, మళ్ళీ రాసుకుంది. చీకట్లో ఆ చప్పుడు ఆయనకి వినపడింది.

మేస్త్రి లేచాడు. వరస దాటి తెర ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. నురగ ఆయన చొక్కా మీద, ముఖం మీద పడుతోంది.

"కూర్చోవయ్యా, బొమ్మ కనపడటం లేదు" అన్నారు ఎవరో.

"అది నాది కాదు" అన్నాడు మేస్త్రి.

"ఏది కాదు?"

"ఈ నురగ. నేను చేసింది కాదు. ఆ రోజు నేను డ్రమ్ము మూతే తియ్యలేదు. ఎగువన షెడ్డులో మందుల డ్రమ్ములు కడుగుతున్నారు. ఆ నీళ్ళు ఇవి. ఇప్పటికీ వస్తున్నాయి."

"మరి తిన్నావుగా మా అందరి ముందూ?" అన్నాడు ముసలాయన.

"నేను తిన్నది నాది. ఇది నాది కాదు. నా నురగ ఎండకి నిలవదు. ఒక్కనాడూ నిలవలేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"షూటింగ్ అయిన వారానికే తెలిసింది. చెప్పలేదు. మెచ్చుకున్నారని చెప్పలేదు. పేరు వేస్తారని చెప్పలేదు."

తెర మీద సినిమా నడుస్తూనే ఉంది. ఎవరూ దాన్ని చూడటం లేదు. వెనక వరసలో ఆవిడ, "మేం రోజూ ఆ ఆకులే వండుకుంటున్నాం కదే" అంది పక్కామెతో. పూచీ పడిన చెల్లెలి వైపు అందరూ తిరిగారు.

చెల్లెలు అన్నని చూస్తోంది. కింద నేల పొడిగానే ఉంది. అయినా ఆమె రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీ మీదికి లాక్కుని, పాదాలని చేతుల్లో పట్టుకుంది.

"ఇవాళ పొద్దున కూడా దిగాను, అన్నయ్యా" అంది.